పాత వీధిలో పదహారు అంతస్తులు: అభ్యంతరాల నివేదిక రాసిపెట్టే సర్వీస్‌పై నా రివ్యూ

మా వీధి పాతది. మాస్టర్ ప్లాన్‌లో వారసత్వ ప్రాంతం అని గీత గీసిన భాగంలో ఉంది. ఇళ్లన్నీ రెండంతస్తులవి, ఎక్కడో ఒకటీ అరా మూడంతస్తులవి. అలాంటి వీధి మధ్యలో చాలాకాలంగా ఖాళీగా ఉన్న స్థలంలో పదహారు అంతస్తుల బిల్డింగ్ కడతామని, అభ్యంతరాలుంటే గడువులోగా రాసివ్వాలని ఒకరోజు గేటుకి నోటీసు అంటించారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు, మర్నాడు బయటికొస్తే పక్కింటివాళ్లదీ అదే పరిస్థితి అని తెలిసింది.

ఇది ఆ బిల్డింగ్ గురించి రివ్యూ కాదు. వీధివాళ్లమంతా చందాలు వేసుకుని పెట్టుకున్న కన్సల్టెన్సీ గురించి. ఇద్దరు ఆర్కిటెక్టులు, ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్ కలిసి నడిపే చిన్న ఆఫీసు. బిల్డర్ ఇచ్చిన ప్లాన్లు, నివేదికలు చదివి, లెక్కలు సరిచూసి, నివాసుల తరఫున అభ్యంతరాల నివేదిక తయారుచేసి ఇవ్వడం వాళ్ల పని. కింద కొన్ని లోపాలు కూడా రాస్తున్నాను, అవి మా ఒక్క కేసులో ఎదురైనవి, అందుకని పేరు పెట్టడం లేదు. మీ దగ్గర కూడా ఇలాంటి సర్వీస్ చేసేవాళ్లు దొరికితే ఏం అడగాలో, ఏం ఆశించకూడదో తెలియడం కోసం రాస్తున్నాను. 5కి 4 ఇస్తాను.

ముందు మేం సొంతంగా చేసిన పని చెప్పాలి, లేకపోతే వీళ్ల విలువ అర్థం కాదు. నోటీసు చూసిన వారంలో ఒక ఉత్తరం రాసి రెండొందలకు పైగా సంతకాలు చేయించాం. అందులో ఏముందంటే, బిల్డింగ్ చాలా ఎత్తు, వీధి అందం పాడవుతుంది, ట్రాఫిక్ పెరుగుతుంది, మా ఇళ్ల విలువ పడిపోతుంది, మా మేడ మీంచి కనిపించే ఆకాశం పోతుంది, బిల్డర్ డబ్బు కోసమే చేస్తున్నాడు. ఇవన్నీ మనసులోంచి వచ్చిన మాటలే. రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. దానికి వచ్చిన జవాబు ఒక్క లైను: మీ ఉత్తరం అందింది.

మొదటి మీటింగ్‌లో ఆ ఆఫీసు నడిపే ఆవిడ మా ఉత్తరం మొత్తం చదివారు. ఒక పెన్సిల్ తీసుకుని వాక్యాల పక్కన చిన్న గీతలు పెట్టుకుంటూ వెళ్లారు. చివరికి చెప్పిందేంటంటే, ఇందులో అధికారి లెక్కలోకి తీసుకోగలిగిన మాట ఒక్కటే ఉంది, ఎత్తు గురించినది, అదీ ఎంత ఎత్తో, దేనితో పోలిస్తే ఎత్తో రాయలేదు. బ్రిటన్ లాంటి చోట్ల ప్లానింగ్ వ్యవస్థే తేల్చి చెబుతుందట, పక్క ఇంటి ధర తగ్గడం, సొంత కిటికీలోంచి కనిపించే దృశ్యం పోవడం, కట్టేవాడి ఉద్దేశం, ఇవి అభ్యంతరాలుగా చెల్లవని. వెలుతురు తగ్గడం చెల్లుతుంది, నీడ చెల్లుతుంది, వారసత్వ కట్టడం చుట్టూ ఉన్న వాతావరణం దెబ్బతినడం చెల్లుతుంది. మా గుంపులో ఒక పెద్దాయనకి కోపం వచ్చింది. 'అరవై ఏళ్లుగా ఇక్కడ బతుకుతున్నానమ్మా, నా బాధకి లెక్క లేదా?' అన్నారు. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, 'ఉందండీ, కానీ బాధని వాళ్లు కాదనలేని రూపంలో పెట్టాలి. ఆ పని నాది. మీరు నాకు చెప్పాల్సినవి కొన్నున్నాయి, అవి చెప్పండి చాలు' అన్నారు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది.

ఆవిడ అడిగిన మొదటి ప్రశ్నకే మా దగ్గర జవాబు లేదు. ఇక్కడ చట్టం కాపాడుతున్నది దేన్ని? ఒక కట్టడాన్నా, వీధి మొత్తాన్నా, దూరం నుంచి కనిపించే దృశ్యాన్నా? మేం 'వారసత్వ ప్రాంతం' అంటే అన్నీ కలిపి అనుకున్నాం. కాదు. భారతదేశంలో పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ తర్వాత కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ పైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అంటే అక్కడ కొలత ఆ కట్టడం నుంచి మొదలవుతుంది, వీధి నుంచి కాదు. అమెరికాలోని చార్ల్‌స్టన్ 1931లోనే ప్రాంతం మొత్తాన్ని రక్షించే నిబంధన తెచ్చింది, ఆ దేశంలో అదే మొదటిది. ఫ్రాన్స్ 1962లో పాత పేటలకు పేటలనే రక్షిత భాగాలుగా ప్రకటించే చట్టం చేసింది. లండన్‌లో సెయింట్ పాల్స్ కెథెడ్రల్ గుమ్మటం కనబడకుండా పోకూడదని 1930ల నుంచీ చుట్టూ ఎత్తు పరిమితులున్నాయి, అక్కడ కాపాడేది చూపుని. పాత కట్టడాల పరిరక్షణపై నిపుణులు రాసుకున్న 1964 నాటి వెనిస్ చార్టర్ అయితే ఇంకా సూటిగా ఉంటుంది, పాత కట్టడం చుట్టూ ఉన్న పరిసరం మిగిలి ఉంటే దాన్ని అలాగే ఉంచాలి, ఆ పరిమాణాల పొందిక మార్చే కొత్త నిర్మాణం రానివ్వకూడదు అంటుంది. చార్టర్ చట్టం కాదు, కానీ వాదనకి ఆధారం. మా వీధికి ఏది వర్తిస్తుందో రెండు రోజుల్లో కాగితాలు తీసి చెప్పారు: మాకు వీధికి రక్షణ ఉంది, ఎత్తుకి పరిమితి ఉంది, అయితే 'ప్రత్యేక అనుమతితో' దాటొచ్చు అని ఒక సందు ఉంది. బిల్డర్ ఆ సందులోంచే వస్తున్నాడు. మా పోరాటం మొత్తం ఆ రెండు పదాల మీదే అని అప్పటిదాకా మాలో ఒక్కరికీ తెలీదు.

రెండో ప్రశ్న ఇంకా కష్టమైనది. 'అక్కడ ఏం కడితే మీరు ఒప్పుకుంటారు?' ఎవరూ మాట్లాడలేదు. ఒకాయన ఏమీ వద్దు, పార్కు చెయ్యమనండి అన్నారు. ఆవిడ కాస్త గట్టిగానే చెప్పారు, అది ప్రైవేటు స్థలం, కట్టుకునే హక్కు వాళ్లకుంది, ఏమీ వద్దనేవాళ్లని వినే అధికారి ఎక్కడా ఉండడు. దీని సంగతి మళ్లీ కింద చెబుతాను.

ఇప్పుడు ఈ సర్వీస్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది, బెలూన్లు. పదహారు అంతస్తులంటే 52 మీటర్లు. ఆ సంఖ్య ప్లాన్ కాగితం మీద మొదటి రోజు నుంచీ ఉంది, మేమంతా చదివాం, కానీ 52 మీటర్లంటే ఎంతో మా కళ్లకి తెలీదు. తగిన అనుమతి తీసుకుని, ఒక ఆదివారం తెల్లవారుజామున, గాలి లేని సమయం చూసి, ఆ స్థలానికి ఆనుకుని రెండు వైపులా ఎర్రటి పెద్ద హీలియం బెలూన్లు 52 మీటర్ల తాడుతో ఎగరేశారు. అంతే. అందరూ ఇళ్లలోంచి బయటికొచ్చి తలెత్తి చూస్తూ నిలబడిపోయారు. బిల్డింగ్ వస్తే మంచిదే కదా అని వాదించిన ఇద్దరు ముగ్గురు కూడా వచ్చారు, ఒకతను తాడు వెంబడి పైదాకా చూసి, మళ్లీ కిందికి చూసి, మా రెండంతస్తుల ఇళ్ల వైపు చూసి 'ఇంతా?' అన్నాడు. మూడు వీధుల అవతలివాళ్లు కూడా ఇదేంటని నడుచుకుంటూ వచ్చారు, వాళ్లలో చాలామంది ఆ రోజే సంతకం చేశారు. గాలి మొదలైతే తాడు వంగి బెలూన్ కిందికి వచ్చేస్తుంది, అప్పుడు తీసిన ఫోటోలు పనికిరావు, అందుకే వాళ్లు టైము, గాలి వేగం రాసుకుంటూ ఫోటోలు తీశారు. ఈ జాగ్రత్త మాకు తట్టేది కాదు. స్విట్జర్లాండ్‌లో ఈ పని కట్టేవాళ్లే చెయ్యాలట, అనుమతి అడిగే ముందు రాబోయే భవనం మూలలు, ఎత్తు తెలిసేలా స్థలంలో స్తంభాలు పాతి చూపించాలి, దారినపోయే ఎవరైనా చూసి అభ్యంతరం చెప్పొచ్చు. ప్రతిచోటా ఇలాంటి నియమం ఉంటే సగం గొడవలు ముందే తేలిపోతాయని నాకు గట్టిగా అనిపిస్తుంది.

బెలూన్లు ఎందుకు అవసరమయ్యాయంటే బిల్డర్ ఇచ్చిన బొమ్మల వల్ల. ఆయన ఇచ్చిన కంప్యూటర్ చిత్రాల్లో బిల్డింగ్ ఎక్కడో దూరంగా, లేత నీలం రంగులో, మబ్బుల్లో కలిసిపోయినట్టు ఉంది. ముందు చెట్లు, చెట్ల కింద సైకిల్ మీద పిల్లలు. ఆ చెట్లలో సగం మా వీధిలో లేవు. మాకు ఏదో తేడాగా ఉందని తెలుస్తోంది కానీ ఏంటో చెప్పలేకపోయాం. వీళ్లు విప్పి చూపించారు: ఆ ఫోటో వైడ్ యాంగిల్ లెన్స్‌తో తీసింది. వైడ్ లెన్స్‌లో దగ్గరి వస్తువులు పెద్దవై, వెనకాల ఉన్నవి కుంచించుకుపోతాయి. అందుకే ఇలాంటి బొమ్మలకి ఫుల్ ఫ్రేమ్ కెమెరా (పాత 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్నది) మీద 50 మిల్లీమీటర్ల లెన్స్ వాడాలని ఈ వృత్తిలో ప్రమాణంగా పెట్టుకున్నారు. మా ఫోటోలు వీధి మూల నుంచి, స్కూలు గేటు దగ్గర నుంచి, పాత గడియారం ఉన్న కూడలి నుంచి, మనిషి కంటి ఎత్తులో, ఆ లెన్స్‌తో తీసి, బెలూన్ల ఆధారంగా భవనాన్ని సరైన కొలతలో నిలబెట్టారు. బిల్డర్ బొమ్మ, మా బొమ్మ ఒకే పేజీలో పైనా కిందా పెట్టి, ఏది ఏ లెన్స్‌తో తీసిందో పక్కన రాశారు. ఒక్క విశేషణం కూడా వాడలేదు. ఆ పేజీ చూశాక మాలో ఎవరికీ ఇంకేమీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

నీడ లెక్క కూడా బాగా చేశారు. బిల్డర్ ఇచ్చిన నీడ చిత్రం జూన్ 21 మధ్యాహ్నానిది. భూమధ్యరేఖకి బాగా ఉత్తరాన ఉన్న ఊళ్లలో ఆ రోజు సూర్యుడు ఏడాదిలోకెల్లా ఎత్తున ఉంటాడు, నీడ ఏడాదిలోకెల్లా పొట్టిగా ఉంటుంది. అసలు చూడాల్సింది మార్చి 21, డిసెంబర్ 21, అదీ ఉదయం, సాయంత్రం కూడా. లెక్క ఎవరైనా వేసుకోవచ్చు: సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే 52 మీటర్ల బిల్డింగ్ నీడ 52 మీటర్లు. 30 డిగ్రీలకి దిగితే 90 మీటర్లు. 15 డిగ్రీలైతే 194 మీటర్లు, అంటే మా వీధి దాటి పక్క వీధి ఇళ్ల మీదికి. లండన్ లాంటి చోట డిసెంబర్ 21న మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దాదాపు ఆ 15 డిగ్రీల దగ్గరే ఉంటాడు. బ్రిటన్‌లో వాడే మార్గదర్శకాల ప్రకారం, తోట లాంటి ఖాళీ జాగాలో కనీసం సగానికి మార్చి 21న రెండు గంటల ఎండ తగలాలి. ఆ కొలతనే మా స్కూలు ఆటస్థలానికి వేసి చూపించారు. మా పిల్లలు ఆడుకునే చోటు ఏ గంటలో చీకటి పడుతుందో పటం మీద చూస్తుంటే గుండెలో కలుక్కుమంది. అధికారి దగ్గర ఎక్కువసేపు చర్చ జరిగింది కూడా ఈ పేజీ మీదే.

కానీ నిజంగా మా కళ్లు తెరిపించింది పైన వచ్చేది కాదు, కింద తవ్వేది. మేమంతా ఎత్తు గురించే టెన్షన్ పడుతున్నాం. ప్లాన్‌లో మూడు అంతస్తుల సెల్లార్ పార్కింగ్ ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. వాళ్ల ఇంజనీర్ మా ఇళ్లకి వచ్చి గోడలు తట్టి చూశాడు, సున్నంతో కట్టిన గోడలు, లోతు లేని పునాదులు. పక్కన అంత లోతు గొయ్యి తవ్వాలంటే నీళ్లు తోడెయ్యాలి, నీళ్లు తోడితే చుట్టూ భూగర్భ నీటిమట్టం దిగుతుంది, మట్టి కుదించుకుంటుంది, పాత గోడ ఒక పక్క కుంగితే బీటలు వారుతుంది. చెక్క దుంగల పునాదుల మీద నిలబడ్డ పాత పేటల్లో ఇంకో ప్రమాదం, నీటిలో మునిగి ఉన్నంతకాలం చెడకుండా ఉండే దుంగ, నీరు దిగి గాలి తగలగానే కుళ్లడం మొదలవుతుంది. బోస్టన్‌లో పాత ఇళ్లవాళ్లు ఈ సమస్యతో ఏళ్ల తరబడి అవస్థ పడ్డారు. జర్మనీలోని కొలోన్‌లో 2009 మార్చి 3న నగర చారిత్రక పత్రాల భవనం పక్కనే జరుగుతున్న మెట్రో తవ్వకం వల్ల కూలిపోయింది, పక్క ఇళ్లలో ఇద్దరు చనిపోయారు, వందల ఏళ్ల పత్రాలు శిథిలాల కింద పడ్డాయి. ఆ భవనం వయసు అప్పటికి నలభై ఏళ్లు కూడా లేదు. మావి దానికంటే చాలా పాతవి.

ఇంజనీర్ చేయించిన పనులు మూడు. ఒకటి, తవ్వకం మొదలవకముందే ప్రతి ఇంటి గోడకీ, ఇప్పుడున్న ప్రతి పగులుకీ స్కేలు పెట్టి, తేదీతో ఫోటో తీయించాడు. రేపు పగులు పెద్దదైతే అది పాతదే అని ఎవరూ తోసిపుచ్చకుండా. రెండు, పగుళ్ల మీద చిన్న గేజీలు అతికించాడు, పగులు కదిలితే మిల్లీమీటర్లలో తెలుస్తుంది. మూడు, తవ్వేటప్పుడు వచ్చే అదురుకి హద్దు పెట్టాలని నివేదికలో రాశాడు. జర్మన్ ప్రమాణంలో సున్నితమైన పాత కట్టడాలకి తక్కువ ఫ్రీక్వెన్సీ (నెమ్మదిగా ఊగే) అదురు వేగం పునాది దగ్గర సెకనుకి 3 మిల్లీమీటర్లు దాటకూడదు, మామూలు ఇళ్లకి 5, కర్మాగారాలకి 20. బిల్డర్ నివేదిక మా వీధిని మామూలు ఇళ్ల కింద లెక్కేసింది. ఈ ఒక్క తప్పు పట్టుకున్నందుకే వాళ్లకి ఇచ్చిన డబ్బు వసూలైందని నేను అంటాను.

ఇక లోపాలు. మొదటిది ఆలస్యం. గడువు ముగిసే ముందు రోజు రాత్రి నివేదిక చేతికి వచ్చింది. మేం చదివి మార్పులు చెప్పే సమయమే లేకుండా పోయింది, ఒక ఇంటి నంబరు తప్పు పడింది, ఒక ఫోటో కింద వేరే వీధి పేరుంది. బిల్డర్ లాయర్ ఆ రెండు తప్పులు పట్టుకుని, మొత్తం నివేదికే అజాగ్రత్తగా రాసిందని అరగంట వాదించాడు. ఇంత మంచి కొలతలు చేసి ఇంత చిన్న తప్పుల దగ్గర దొరికిపోవడం నాకు చాలా బాధ కలిగించింది. మీరు ఎవరినైనా పెట్టుకుంటే గడువుకి కనీసం వారం ముందు మొదటి ప్రతి ఇవ్వాలని ఒప్పందంలోనే రాయించుకోండి.

రెండోది, విచారణ రోజు వాళ్ల మనిషి వచ్చి మాట్లాడటానికి ఫీజు వేరు. ఈ సంగతి మాకు ముందు చెప్పలేదు. అడగకపోవడం మా తప్పే కావచ్చు, కానీ సంతకాలు పెట్టించుకునే రోజు అడక్కుండానే చెప్పాల్సిన విషయం అది. మళ్లీ చందాలకి ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చింది, ఈసారి కొందరు తలుపు తియ్యలేదు.

మూడోది అన్నిటికంటే పెద్దది, ఒక స్టార్ తగ్గించింది దీనికే. నూట పది పేజీల నివేదికలో కిటికీల గురించి, కప్పుల వాలు గురించి, గోడ రంగుల గురించి పేజీలకి పేజీలు ఉన్నాయి. ఆ ఇళ్లలో అద్దెకుండే వాళ్ల గురించి ఒక్క పేరా లేదు. మా వీధిలో సగం మంది అద్దెకున్నవాళ్లే. కింద చిన్న షాపులు నడుపుకునేవాళ్లు, పైన ఒక్కో గదిలో సంసారాలు. పెద్ద బిల్డింగ్ వస్తే చుట్టుపక్కల అద్దెలు పెరిగి మొట్టమొదట ఖాళీ చేయాల్సింది వాళ్లే. పాత వీధి అంటే గోడలే కాదు, ఆ గోడల మధ్య బతికే మనుషులు కూడా అని యునెస్కో 2011లో చారిత్రక పట్టణ ప్రాంతాల గురించి చేసిన సిఫార్సులో కూడా ఉంది, అక్కడి జీవనాన్ని, సామాజిక ఆచారాలని, ఆర్థిక స్థితిని కలిపి చూడమంటుంది. అంత తెలిసిన ఈ కన్సల్టెన్సీ నివేదికలో ఫోటోలన్నీ మనుషులు లేని సమయం చూసి తీసినవే. నేను అడిగితే 'అధికారి చూసేది కట్టడాలనే' అన్నారు. అయ్యుండొచ్చు. అయినా ఆ జవాబు నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చట్లేదు.

అసలు ఈ విషయం నాకు తగిలింది మా మీటింగ్‌లోనే. ఒక అమ్మాయి, వెనక సందులో ముగ్గురితో కలిసి ఒకే గదిలో అద్దెకుంటుంది, లేచి నిలబడి అడిగింది: 'మీ అందరికీ సొంత ఇళ్లున్నాయి. కొత్తగా ఇళ్లు కట్టొద్దంటే మాలాంటివాళ్లు ఎక్కడ ఉండాలి?' గదిలో ఉన్నవాళ్లు ఇబ్బందిగా కదిలారు, ఒకరిద్దరు కసురుకున్నారు. నాకు ఆ కసురు తప్పనిపించింది. ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు చెప్పలేకపోతే మా అభ్యంతరం సొంత ఇళ్లున్నవాళ్ల స్వార్థం అవుతుంది, అంతే.

దానికి జవాబు దొరికింది కూడా ఈ కన్సల్టెన్సీ దగ్గరే, ఏం కడితే ఒప్పుకుంటారు అన్న ఆ రెండో ప్రశ్న వెంట. ఎత్తు వేరు, ఎన్ని ఇళ్లు పడతాయన్నది వేరు అని వాళ్లు బొమ్మ గీసి చూపించారు. స్థలం మధ్యలో ఒక సన్నటి టవర్ నిలబెట్టి చుట్టూ ఖాళీ వదిలే బదులు, స్థలం అంచుల వెంబడి తక్కువ ఎత్తులో కట్టుకుంటూ పోయి మధ్యలో ఖాళీ ఉంచితే, చాలా తక్కువ అంతస్తుల్లోనే దాదాపు అంతే ఫ్లోర్ ఏరియా వస్తుంది. లెస్లీ మార్టిన్, లయోనెల్ మార్చ్ అనే ఇద్దరు 1960లలో కేంబ్రిడ్జ్‌లో దీన్ని లెక్కలతో చూపించారు. మా స్థలంలో అలా గీస్తే వీధి వైపు నాలుగు, వెనక వైపు ఏడు అంతస్తులతో, ఇళ్ల సంఖ్య కొద్దిగా మాత్రమే తగ్గింది. ఆ రోజు నుంచి మా బ్యానర్ మీద 'వద్దు' అన్న మాట తీసేశాం. మా వీధి ఎత్తులో కట్టండి అని రాశాం. దీన్ని ఒప్పుకోని ఇద్దరు మా గుంపులోంచి వెళ్లిపోయారు. వెళ్లనిచ్చాం.

ఇంకో విషయం, వీళ్లు ఏ హామీ ఇవ్వలేదు. మేం ఫోన్ చేసిన ఇంకో చోట 'గ్యారంటీగా ఆపేయిస్తాం' అన్నారు, మాలో కొందరికి అటే మొగ్గుంది. ఆవిడ మాత్రం మొదటి రోజే గెలిచినవీ ఓడినవీ రెండూ చెప్పారు. న్యూయార్క్‌లో 1963లో పెన్ స్టేషన్ అనే పాత రైల్వే స్టేషన్ పడగొట్టడం మొదలైతే నిరసనలు ఆపలేకపోయాయి, కానీ ఆ కోపంలోంచి 1965లో ఆ నగరానికి కట్టడాల రక్షణ చట్టం వచ్చింది, ఆ చట్టమే తర్వాత గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ నెత్తి మీద యాభైకి పైగా అంతస్తుల టవర్ రాకుండా ఆపింది, 1978లో అమెరికా సుప్రీం కోర్టు కూడా నగరం వైపే నిలబడింది. పారిస్‌లో 210 మీటర్ల మోంపర్నాస్ టవర్ 1973లో పూర్తయింది, జనం దాన్ని ఎంతగా అసహ్యించుకున్నారంటే 1977లో నగరంలో ఎత్తుకి 37 మీటర్ల పరిమితి పెట్టారు, టవర్ మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పాత నగరానికి ఎదురుగా దాదాపు 400 మీటర్ల టవర్ కడతామంటే ఏళ్ల తరబడి పోట్లాడారు, 2010లో దాన్ని అక్కడ మానుకుని నగరం అంచుకి మార్చారు, అక్కడ 462 మీటర్లు కట్టారు. లివర్‌పూల్ రేవు ప్రాంతంలో కొత్త నిర్మాణాల వల్ల 2021లో ఆ నగరం ప్రపంచ వారసత్వ జాబితా నుంచే పోయింది. ఇవన్నీ విన్నాక నాకు ధైర్యం వచ్చిందని చెప్పలేను గానీ, దేనికోసం డబ్బు పెడుతున్నామో స్పష్టంగా తెలిసింది.

మీరు ఇలాంటి సర్వీస్ తీసుకునేట్టయితే నోటీసు పడిన వారంలోనే వెళ్లండి, మాలాగా ఉత్తరం రాసి జవాబు కోసం మూడు వారాలు కూర్చోవద్దు. వెళ్లేటప్పుడు నోటీసు కాపీ, దొరికితే బిల్డర్ ఇచ్చిన పూర్తి ప్లాన్ల సెట్, మీ ఇళ్ల పాత ఫోటోలు పట్టుకెళ్లండి. మా పెద్దాయన ఇంట్లో దొరికిన ఒక పాత పెళ్లి ఊరేగింపు ఫోటోలో వీధి ఇళ్ల కప్పుల వరుస మొత్తం కనిపిస్తుంది, ఎత్తు ఏమీ మారలేదని చూపించడానికి అదే సాక్ష్యమైంది. సెల్లార్ ఎంత లోతో మొదటి రోజే అడగండి. విచారణకి వచ్చే ఫీజు కలిపి ఎంతో అడగండి. అద్దెకున్నవాళ్ల గురించి ఒక అధ్యాయం రాయమని పట్టుబట్టండి, వాళ్లు రాయకపోతే మీరే రాసి జత చేయండి. మేం చివరికి అలాగే చేశాం, ఆ అమ్మాయే కూర్చుని ఇల్లిల్లూ అడిగి ఆరు పేజీలు రాసింది.

ఇప్పుడు పరిస్థితి ఏంటంటే, విచారణ తర్వాత బిల్డర్ ప్లాన్లు మార్చి మళ్లీ ఇచ్చాడు. పదహారు తొమ్మిదైంది, వీధి వైపు మొదటి భాగం అయిదు అంతస్తులు, వెనక్కి జరిగాక తొమ్మిది. నీడ స్కూలు ఆటస్థలం అంచుదాకా వచ్చి ఆగుతుంది. సెల్లార్ మాత్రం మూడు నుంచి రెండుకి తగ్గింది, అది మాకు చాలదు, అదురు హద్దు ఇంకా 5 అనే రాసి ఉంది, 3 చెయ్యమని రెండో అభ్యంతరం వేశాం. ఈసారి నివేదిక గడువుకి పది రోజుల ముందే వచ్చింది, ఇంటి నంబర్లన్నీ నేనే సరిచూశాను. మా ముందు గది గోడ మీద గేజీ అతికించి ఉంది. ప్రతి ఆదివారం పొద్దున్నే రీడింగ్ చూసి నోటుబుక్కులో రాస్తున్నాను, తవ్వకం ఇంకా మొదలవలేదు కాబట్టి ఇప్పటిదాకా అన్నీ సున్నాలే.